చిన్న మార్పే కదా!



పోయిన ఉత్తరంలో డ్రాయింగు మీద టాలరెన్సు ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదులుగా ఉంచాలి అన్నది రాశాను. జవాబులు బాగానే వచ్చాయి. అయితే సగం మంది అడిగింది టాలరెన్సు గురించి కాదు. "డ్రాయింగు దాకా వెళ్ళేలోపే మోడలు మమ్మల్ని ముంచేస్తోంది. ఒక్క కొలత మారిస్తే పది ఫీచర్లు ఎర్రబడుతున్నాయి. ముందు దాని సంగతి రాయండి" అన్నారు. న్యాయమైన కోరికే. నాకు తగిలిన దెబ్బతోనే మొదలుపెడతాను.

మా పనిలో "చిన్న మార్పే సార్" అన్న మాటకు మించిన భయం ఇంకోటి లేదు. ఒక శుక్రవారం సాయంత్రం, బాలానగర్‌లో షెడ్లన్నీ షటర్లు దించే వేళకి, ఒక కస్టమర్ ఫోన్ చేశాడు. ఏడాది కిందట మేం డిజైన్ చేసిచ్చిన బేరింగ్ హౌసింగ్ గురించి. "షాఫ్టు కొంచెం లావు చేస్తున్నాం సార్. 6205 తీసేసి 6206 వేస్తాం. చిన్న మార్పే కదా, సోమవారానికి ఇచ్చెయ్యండి." నాకూ చిన్నదే అనిపించింది. 6205 బేరింగుకి లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. 6206కి అవే 30, 62, 16. మోడలు తెరిచి, 52 ఉన్నచోట 62 కొట్టి రీబిల్డ్ నొక్కాను.

బోరు పెరిగి బోల్టు రంధ్రాల మీదికి వచ్చేసింది. మధ్యలో గోడ నాలుగు మిల్లీమీటర్లే మిగిలింది. సరే అని ఫ్లాంజి పెంచితే రంధ్రాలు దానితో కదల్లేదు. రిబ్బు మాత్రం ఫ్లాంజి అంచుతో పాటు బయటికి జరిగి, బోరు చుట్టూ ఉన్న బాసుకి తగలకుండా గాల్లో నిలబడింది. ఫిల్లెట్లు ఏ అంచుని పట్టుకోవాలో తెలియక చేతులెత్తేశాయి. తెర ఎడమవైపు ఫీచర్ ట్రీ మొత్తం కుంకుమ చల్లినట్టు అయిపోయింది. ఎవడు గీశాడురా ఈ మోడలు అని తిట్టుకుందామంటే, గీసింది నేనే. రాత్రి పదకొండు దాటాక దాన్ని బాగుచేసే ఆశ వదులుకుని ఖాళీ ఫైలు తెరిచాను.

ఆ రాత్రి అర్థమైంది ఒక్కటే. మొదటిసారి నేను హౌసింగు బొమ్మ గీశానే తప్ప, ఏ కొలత దేనివల్ల వచ్చిందో మోడలుకి చెప్పలేదు. మనం వాడే పద్ధతికి మూలం ఆ చెప్పడంలోనే ఉంది. 1963లో ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చేశాడు. తెర మీద లైట్ పెన్నుతో గీతలు గీసి, ఈ రెండూ సమాంతరం, ఆ రెండూ లంబం అని చెబితే యంత్రం ఆ మాట గుర్తుపెట్టుకునేది. 1980ల చివర్లో పీటీసీ కంపెనీ ప్రో/ఇంజనీర్‌తో ఆ ఆలోచనే ఘనాకారాలకి ఎక్కింది. 1995లో సాలిడ్‌వర్క్స్ దాన్ని మామూలు విండోస్ కంప్యూటర్ మీదికి తెచ్చింది. ఒక కొలత మారిస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయన్నది ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఇచ్చిన మాట. మనం ముందు చెప్పవలసింది చెబితేనే అవి ఆ మాట నిలబెట్టుకోగలవు.

కాబట్టి ఆ హౌసింగునే ముందు పెట్టుకుని, రెండోసారి ఎలా గీశానో చెప్తాను. మీరు వాడేది క్రియో అయినా, ఎన్ఎక్స్ అయినా, ఫ్రీక్యాడ్ అయినా బటన్ల పేర్లే మారతాయి.

మొదట చోటు. స్కెచ్ తెరవగానే చెయ్యి గీయడానికి ఉబలాటపడుతుంది. ఒక్క నిమిషం ఆపండి. ఈ పార్టుకి అసలు కేంద్రం ఏది? హౌసింగుకి షాఫ్టు అక్షమే. ఆరిజిన్ అక్కడే ఉండాలి. పాత మోడల్లో నేను బేస్ ప్లేటు ఎడమ మూల దగ్గర మొదలుపెట్టాను, కాగితం మీద గీసే అలవాటుకొద్దీ. దాంతో ప్లేటు పెరిగినప్పుడల్లా షాఫ్టు పక్కకి జరిగేది. పార్టు రెండువైపులా ఒకేలా ఉంటే మిడ్-ప్లేన్ పెట్టి ఎక్స్‌ట్రూడ్ చేయండి. సగమే గీసి మిర్రర్ చేయండి. సగం పని తప్పుతుంది, తప్పులూ సగమే అవుతాయి.

రెండోది చిరునామా. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎర్రబడే ఫీచర్లలో చాలావాటి జబ్బు ఇదే. మన ఊళ్ళలో ఇల్లు ఎక్కడంటే "రావిచెట్టు దాటగానే, పచ్చ గేటు పక్కన" అంటారు. చెట్టు కొట్టేసి, గేటుకి నీలం రంగు వేస్తే ఇక ఆ ఇల్లు దొరకదు. డోర్ నంబరుకి ఆ బాధ లేదు. మోడల్లో అంచులు, ముఖాలు పచ్చ గేట్లే. సాఫ్ట్‌వేరు ప్రతి అంచుకీ లోపల ఒక గుర్తు పెట్టుకుంటుంది. ముందున్న ఫీచరు ఏదైనా మారి ఆకారం తిరగబడితే ఆ గుర్తు వేరే అంచుకి పోతుంది, లేదా అసలు లేకుండా పోతుంది. అప్పుడు దాన్ని నమ్ముకున్న రంధ్రం, రిబ్బు, ఫిల్లెట్ అన్నీ దారి తప్పుతాయి. ఫ్రీక్యాడ్ వాడేవాళ్ళు ఈ బాధ ఏళ్ళ తరబడి పడ్డారు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్లో దీనికి చాలావరకు మందు దొరికింది. ఖరీదైన సాఫ్ట్‌వేర్లలోనూ ఈ జబ్బు పూర్తిగా లేకుండా పోలేదు.

రిఫరెన్స్ ప్లేన్లు, అక్షాలు, ఆరిజిన్ మాత్రం డోర్ నంబర్ల లాంటివి. కొలత ఇవ్వగలిగినంతవరకు వాటినుంచే ఇవ్వండి. హౌసింగులో షాఫ్టు ఎత్తుకి ఒక ప్లేను, పీఠం అడుగుకి ఒకటి, బేరింగు ఆనే ముఖానికి ఒకటి ముందే పెట్టుకున్నాను. పేర్లు కూడా పెట్టాను. "ప్లేన్ 7" అంటే ఆర్నెల్ల తర్వాత నాకే తెలియదు. "బేరింగ్ సీటు" అంటే ఎవరికైనా తెలుస్తుంది. ఫిల్లెట్ చేసిన అంచునుంచి ఏ కొలతా తీసుకోకండి. పార్టులో అన్నిటికంటే ముందు మారేది అదే.

మూడోది స్కెచ్. ఒకే స్కెచ్‌లో ఫ్లాంజి, రంధ్రాలు, మూలల గుండ్రం అన్నీ కుక్కేస్తే పని త్వరగా అయినట్టే ఉంటుంది, మార్చేటప్పుడు ఏడిపిస్తుంది. ఒక స్కెచ్‌కి ఒక పనే చెప్పండి. మూలల గుండ్రాన్ని స్కెచ్‌లో కాక తర్వాత ఫిల్లెట్‌గా ఇవ్వండి. ప్రతి స్కెచ్‌నీ పూర్తిగా కట్టిపడేశాకే బయటికి రండి. సాలిడ్‌వర్క్స్‌లో నీలం గీతలు నల్లబడాలి, ఫ్రీక్యాడ్‌లో ఆకుపచ్చగా మారాలి. ఇంకా అనుమానం ఉంటే ఒక మూలని మౌసుతో పట్టి లాగండి. కదిలిందంటే మీరు చెప్పని సంగతి ఒకటి మిగిలిందన్నమాట. కొలతలు ఇచ్చే ముందు సంబంధాలు ఇవ్వండి: ఇది దానితో సమానం, ఇది దానికి కేంద్రం, ఈ రెండూ ఒకే వరసలో. సంబంధాలు కుదిరాక కావలసిన కొలతలు నాలుగో ఐదో మిగులుతాయి.

నాలుగోది లెక్క. పాత మోడల్లో బోల్టు రంధ్రాల పీసీడీ, అంటే వాటి కేంద్రాల మీదుగా పోయే వృత్తం వ్యాసం, 78 అని ఉంది. ఎందుకు 78? బేరింగు 52 కాబట్టి, చుట్టూ గోడకి, బోల్టుకి చోటు కావాలి కాబట్టి. ఆ కారణం నా బుర్రలో ఉండిపోయింది, ఫైల్లోకి ఎక్కలేదు. కొత్త మోడల్లో సమీకరణాల పట్టికలో మొదటి వరసలో బేరింగు బయటి వ్యాసం రాశాను. పీసీడీ అంటే దానికి 26 కలిపింది. ఫ్లాంజి వ్యాసం అంటే పీసీడీకి 22 కలిపింది. 52కి పీసీడీ 78, ఫ్లాంజి 100 వస్తాయి. 62 చేస్తే 88, 110 అవుతాయి. ఈ వ్యాసాల కోసం ఇంకెక్కడా చెయ్యి పెట్టక్కర్లేదు. అలాగని ప్రతి కొలతనీ సమీకరణంలో ఇరికించకండి. నిజంగా ఒకదాన్నిబట్టి ఒకటి మారేవాటినే కట్టండి. పెయింటు మందానికి కూడా సూత్రం రాస్తే దాన్ని విప్పడానికే ఒక మనిషి కావాలి.

అవతలివైపు దాకా పోయే రంధ్రానికి లోతు 20 అని కొట్టకండి, "త్రూ ఆల్" పెట్టండి. ప్లేటు మందం 25 అయిన రోజున అది మూసుకుపోదు. రంధ్రం ఒక్కటే చేసి మిగతావి పాటర్న్‌తో తిప్పండి. రిబ్బుని బాసు ఉపరితలం దగ్గర ఆపకుండా మధ్య అక్షం దాకా లోపలికి దూర్చండి. బాసులో కలిసిపోయిన ముక్క ఎవరికీ కనిపించదు. బాసు సన్నబడినా లావెక్కినా రిబ్బు దాన్ని వదలదు. అయితే బోరు కట్ చెయ్యడం మాత్రం అతికించే పనులన్నీ అయ్యాకే. ముందు బోరు చేసి తర్వాత రిబ్బు దూరిస్తే బేరింగు ఉండవలసిన చోట రిబ్బు కూర్చుంటుంది.

ఇక ఫిల్లెట్లు. కాకినాడ నుంచి ఒక పాలిటెక్నిక్ లెక్చరర్ గారు "మా పిల్లలు సగం సమయం ఫిల్లెట్‌తో కుస్తీ పట్టడానికే ఖర్చుపెడుతున్నారు" అని రాశారు. పిల్లలే కాదండీ, మేమూ అంతే.

ముందు వరస. పోత పోసే పార్టయితే అచ్చులోంచి ఊడిరావడానికి వాలు, అంటే డ్రాఫ్ట్, ముందు ఇవ్వాలి. ఆ తర్వాత ఫిల్లెట్. ప్లాస్టిక్ డబ్బా లాంటివాటికి షెల్ ఆఖర్న. బయట వ్యాసార్ధం 3, గోడ 2 ఉంటే షెల్ చేసినప్పుడు లోపల 1 దానంతటదే వస్తుంది, గోడ మందం మూలల్లోనూ సమంగా ఉంటుంది. బయటి వ్యాసార్ధం గోడ మందం కంటే తక్కువుంటే లోపలి మూల కత్తిలా తేలుతుంది, ఒక్కోసారి షెల్లే మొరాయిస్తుంది.

ఫిల్లెట్ రానన్నప్పుడు దానికి జబ్బేమిటో తెలుసుకునే చిట్కా ఒకటుంది. 3 మిల్లీమీటర్లు కుదరకపోతే 1 పెట్టి చూడండి. వచ్చిందంటే అక్కడ చోటు చాలడం లేదని అర్థం. 0.1కి కూడా రాకపోతే తప్పు ఫిల్లెట్‌ది కాదు, కింద ఉన్న ఆకారంలోనే ఎక్కడో చీలికో, వెంట్రుకవాసి ముఖమో ఉంది. రోల్‌బ్యాక్ చేసి ఆ ఫీచరుని వెతకండి. చోటు చాలని రకానికి మందులు ఇవి: పెద్ద వ్యాసార్ధాలు ముందు, చిన్నవి తర్వాత వేయండి. అంచులన్నీ ఒకే ఫిల్లెట్‌లో కట్టకుండా విడదీయండి. టాంజెంట్ అంచుల వెంట దానంతటది పాకే వీలుని తీసేసి చూడండి. అంచుకి బదులు రెండు ముఖాల మధ్య ఫిల్లెట్ అడగండి. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న రిబ్బు తలకి రెండువైపులా 5 చొప్పున ఇస్తే మధ్యలో ముఖం వెడల్పు సున్నా అవుతుంది, లెక్క తెగదు. అక్కడ 4.9 ఇవ్వండి, లేదా ఫుల్ రౌండ్ వాడండి.

ఇలాంటిదే ఇంకో గోల, జీరో థిక్‌నెస్. రెండు సిలిండర్లు సరిగ్గా ఒకే గీత మీద తాకితే, లేదా రంధ్రం అంచు ప్లేటు అంచుని ముద్దుపెట్టుకుంటే సాఫ్ట్‌వేరు ఒప్పుకోదు. దాని మీద కోపం వద్దు. మందం లేని లోహాన్ని ఏ లేత్ మాత్రం ఏం చేస్తుంది? కలవాలంటే అర మిల్లీమీటరు లోపలికి తొయ్యండి, విడిపోవాలంటే కాస్త ఎడం ఇవ్వండి. ఈలోగా పని ఆగకూడదనుకుంటే కలపమనే టిక్కు తీసేసి రెండూ వేర్వేరు బాడీలుగా ఉంచుకోవచ్చు.

చాలామందికి ఎదురయ్యే ఇంకో సంగతి బయటినుంచి వచ్చిన స్టెప్ ఫైలు. అందులో ఆకారం ఉంటుంది, అది ఎలా పుట్టిందన్న చరిత్ర ఉండదు. దాన్ని మళ్ళీ మొదటినుంచి గీయాలని కంగారుపడకండి. ముందు ఇంపోర్ట్ తనిఖీ నడిపి చిరుగులు కుట్టించండి. ఒక రంధ్రం తీసెయ్యాలంటే దాని ముఖాన్ని చెరిపి పూడ్చమనండి. గోడ జరపాలంటే ముఖాన్ని పట్టుకుని జరిపే ఆజ్ఞ వాడండి. ఎక్కువ మార్పులుంటే మాత్రం ఆ బాడీని కింద పరిచి, మీ ప్లేన్లు పెట్టుకుని, దాని మీద కొత్తగా కట్టుకోవడమే మేలు.

తెర మీద అందంగా ఉన్న పార్టు షాప్‌లో అవుతుందా అన్నది వేరే పరీక్ష. మా మిల్లింగ్ మాస్టారు ఒకసారి నా డ్రాయింగు చూసి "సార్, చదరపు మూల తీసే కట్టర్ మీకెక్కడైనా కనిపిస్తే నాకూ ఒకటి కొనిపెట్టండి" అన్నారు. గుండ్రంగా తిరిగే కట్టరు లోపలి మూలని చదరంగా తీయలేదు. 10 మిల్లీమీటర్ల కట్టరుతో తీసే పాకెట్ మూలకి 5 కాకుండా 6 ఇవ్వండి. కట్టరు మూలలో ఇరుక్కుని అరవకుండా మెత్తగా తిరుగుతుంది. మరలని మెలికలతో సహా గీయకండి, ఫైలు బరువెక్కి రీబిల్డ్ నత్తనడక నడుస్తుంది. ఎం8కి 6.8 రంధ్రం, దాని మీద కాస్మెటిక్ థ్రెడ్ చాలు. త్రీడీ ప్రింటులోనే ముద్రించాలనుకున్న మర అయితే అప్పుడు నిజంగా గీయాలి.

పోత పార్టుకి ఇంకో సుళువు ఉంది. మెషినింగు పనులన్నీ, బోరు, ముఖం చదును, రంధ్రాలు, ట్రీ చివర ఒక ఫోల్డర్లో పెట్టండి. ఆ ఫోల్డర్ని సప్రెస్ చేసి ముఖానికి 3 మిల్లీమీటర్ల అలవెన్సు కలిపితే ఫౌండ్రీకి ఇచ్చే మోడలు, అన్‌సప్రెస్ చేస్తే షాప్‌కి ఇచ్చే మోడలు. ఒకే ఫైలు, రెండు కాన్ఫిగరేషన్లు. బోరుని మోడల్లో సరిగ్గా 62గా గీసి, హెచ్7, అంటే సున్నా నుంచి ప్లస్ 30 మైక్రాన్ల దాకా, అన్న మాట డ్రాయింగు మీద రాయండి. మోడల్నుంచి నేరుగా సీఎన్‌సీ ప్రోగ్రాము తీసేవారుంటే ఏ కొలత గీస్తే వాళ్ళకి సుళువో ముందే అడగండి.

పంపే ముందు మూడు తనిఖీలు. ఒకటి, బరువు. 100 × 100 × 10 మిల్లీమీటర్ల ఉక్కు బిళ్ళ 785 గ్రాములు తూగాలి. మీ తెర 100 అంటోందంటే మెటీరియల్ ఇవ్వడం మరిచారు, అది నీటి సాంద్రతతో లెక్కగట్టింది. రెండు, సెక్షన్ కోసి చూడండి. లోపల పూడిపోయిన రంధ్రాలు, పలచబడ్డ గోడలు కోతలోనే బయటపడతాయి. మూడు, యూనిట్లు. ఎస్‌టీఎల్ ఫైల్లో అంకెలే ఉంటాయి, అవి మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది ఉండదు. అవతలివాళ్ళు అంగుళాలనుకుంటే మీ పార్టు 25.4 రెట్లు పెరుగుతుంది.

ఫైలు పంపేటప్పుడు ఏ సాఫ్ట్‌వేరు, ఏ వెర్షన్ అన్నది కూడా రాయండి. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్ళు ఎయిర్‌బస్ ఏ380 కథ గుర్తుంచుకోవాలి. ఒక్కో విమానంలో వందల కిలోమీటర్ల వైరు. హాంబర్గ్‌లో వైరింగు గీసినవాళ్ళు కాటియా వీ4 వాడారు, తులూజ్‌లో వీ5. బిగించబోతే వైర్ల కట్టలు పొడవు చాలలేదు. ఆలస్యానికి ఇంకా కారణాలున్నా అందరి నోటా నానింది ఇదే. మొదటి విమానం కొన్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి అది 2007 అక్టోబరులో గానీ రాలేదు.

మళ్ళీ మా హౌసింగు దగ్గరికి. ఆ సోమవారం మాట దక్కించుకున్నాను, ఆదివారం పోగొట్టుకున్నాను. పోయిన నెల అదే కస్టమర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "చిన్న మార్పే సార్, 6207 వేస్తున్నాం." అంటే 35, 72, 17. ఈసారి భయపడలేదు. పట్టికలో 62 తీసి 72 పెట్టాను, సీటు లోతు 17 చేశాను. పీసీడీ 98కి, ఫ్లాంజి 120కి వెళ్ళాయి. రిబ్బు బాసుని వదల్లేదు. ఒక్క ఫిల్లెట్ మాత్రం ఎర్రబడింది. ఎందుకా అని చూస్తే, తొందర్లో నేను ఒక అంచునుంచి కొలత ఇచ్చిన చోటది. చెప్పేవాడికే ఇంకా పూర్తిగా వంటబట్టలేదన్నమాట. ఐదు నిమిషాల్లో సరిచేసి, కాఫీ తాగాక పంపాను, మరీ త్వరగా పంపితే నిజంగానే చిన్న మార్పే అనుకుంటాడని.

మీకు ఒక్క పని చెప్తాను. ఈ ఆదివారం మీ పాత మోడళ్ళలో ఒకదానికి కాపీ తీసుకుని, అందులో అన్నిటికంటే ముఖ్యమైన కొలతని ఐదో వంతు పెంచి రీబిల్డ్ నొక్కండి. నిలబడితే సంతోషం. పడిపోతే మొదట ఎర్రబడిన ఫీచరు ఏదో, అది దేన్ని నమ్ముకుని పడిందో రెండు ముక్కలు రాసి పంపండి. వచ్చే ఉత్తరంలో వాటినే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఉంటాను.

మీ
బాలానగర్ డిజైనర్